స్టాంపుల స్కాన్లకు సాఫ్ట్‌వేర్: ఇప్పటిదాకా జరిగిన పని

నా సేకరణలో ముఖ్యమైనవి రెండు. ఒకటి హైదరాబాద్ రాజ్యం స్టాంపులు. రెండోది స్వాతంత్ర్యానికి ముందు మన ఆంధ్ర పోస్టాఫీసుల ముద్రలు పడిన బిళ్ళలు. వీటన్నిటినీ స్కాన్ చేసి భద్రపరిచే పని ఈ వేసవిలో మొదలుపెట్టాను. స్కానింగ్ గాడిన పడ్డాక అసలు ప్రశ్న ఎదురైంది. ఆ పెద్ద పెద్ద ఫైళ్ళను కత్తిరించి, వంకర సరిచేసి, సైజు తగ్గించి తోటి సేకర్తలకు పంపాలంటే ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకోవాలి? కొన్నింటిని వాడి చూశాను. ఇదే పని తలపెట్టినవాళ్ళకు పనికొస్తుందని వివరంగా రాసి పెడుతున్నాను.

జూన్: ముందు స్కానర్ సంగతి

స్కాన్ బాగా రాకపోతే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పెద్దగా ఏమీ చేయలేదు. అందుకని మొదట అక్కడే కాస్త సమయం పెట్టాను. ఫ్లాట్‌బెడ్ స్కానర్, 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), టిఫ్ ఫార్మాట్. ఏ4 అద్దం మొత్తాన్ని 600లో రంగుల్లో తీస్తే, కుదించని టిఫ్ ఫైలు 100 ఎంబీ దాకా వస్తుంది. 1200కి వెళ్తే దానికి నాలుగింతలు. మన తపాలా శాఖ వేసే మామూలు స్మారక స్టాంపు 3.91 × 2.90 సెంటీమీటర్లు ఉంటుంది. 600లో అది సుమారు 924 × 685 పిక్సెళ్ళు అవుతుంది. చూసుకోవడానికైనా, ఇంకొకరికి పంపడానికైనా ఇది సరిపోతుంది. ముద్రలోని అక్షరాలు చదవాల్సినవి, అచ్చులో లోపం ఉందేమో వెతకాల్సినవి మాత్రమే 1200లో తీస్తున్నాను.

స్టాంపుల మీద నల్ల చార్టు ముక్క కప్పి మూత వేస్తున్నాను. స్కానర్ మూత లోపలి వైపు తెల్లగా ఉంటుంది కాబట్టి స్టాంపు తెల్ల అంచు అందులో కలిసిపోయి, అంచు చిల్లుల దగ్గర చించితే మిగిలే పళ్ళు కనపడవు. నలుపు మీద ఒక్కో పన్నూ విడివిడిగా తేలుతుంది, కురచ పన్ను ఉంటే అదీ దాగదు. ఇంకొక సంగతి: స్కానర్‌తో వచ్చే ప్రోగ్రాములో ఆటో ఎక్స్‌పోజర్, ఆటో కలర్, షార్పెనింగ్ అన్నీ ఆపేయాలి. ఇవి ఆన్‌లో ఉంటే, అద్దం మీద పరిచిన స్టాంపుల్ని బట్టి ఒక్కోసారి ఒక్కో రంగు వస్తుంది. ఒకే స్టాంపులో షేడ్ (రంగు ఛాయ) తేడాలు చూసేవాళ్ళకు అలాంటి స్కాన్ దేనికీ కొరగాదు.

జూలై: సైజు తగ్గించడంలో ఉన్న మెలిక

సైజు తగ్గించే సాఫ్ట్‌వేర్లు బోలెడు. వాటిలో ఎక్కువ భాగం మొదట అడిగేది "వెడల్పు ఎన్ని పిక్సెళ్ళు?" అని. ఫోటోలకైతే అది బాగానే ఉంటుంది, స్టాంపులకు మాత్రం పొసగదు. 1931 హైదరాబాద్ సెట్టే తీసుకోండి. ఒక అణా చార్మినార్ నిలువు బిళ్ళ. నాలుగు అణాల ఉస్మాన్‌సాగర్ అడ్డ బిళ్ళ. రెంటినీ 400 పిక్సెళ్ళ వెడల్పుకు తెస్తే చార్మినార్ భారీగా, ఉస్మాన్‌సాగర్ పొట్టిగా కనిపిస్తాయి. పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళకు ఇవి ఒకే సెట్టులోవని అనిపించదు. పైగా పళ్ళ దూరం కూడా రెంటిలో రెండు రకాలుగా కనిపిస్తుంది. అసలు బిళ్ళల్లో రెంటికీ పర్ఫరేషన్ (అంచు చిల్లుల లెక్క) 13½.

అందుకే నాకు పిక్సెళ్ళ లెక్క వద్దు, శాతం కావాలి. అన్నీ 600 డీపీఐలోనే స్కాన్ చేసి, అన్నిటినీ 50 శాతానికి తగ్గిస్తే అన్నీ 300 డీపీఐకి దిగుతాయి, వాటి మధ్య నిష్పత్తి చెక్కుచెదరదు. 13½ పర్ఫరేషన్ అంటే 2 సెంటీమీటర్ల పొడవులో పదమూడున్నర చిల్లులు. 600లో ఒక చిల్లుకూ ఇంకో చిల్లుకూ మధ్య దూరం సుమారు 35 పిక్సెళ్ళు, సగానికి తగ్గించాక 17 లేక 18. తెర మీద లెక్కపెట్టుకోవడానికి అది హాయిగా చాలు. 1200లో తీసిన వాటిని ఈ గుంపులో కలపకుండా వేరే ఫోల్డర్లో పెట్టాను. అవి 25 శాతానికి వస్తే మిగతావాటితో సమానం.

సాఫ్ట్‌వేర్‌ను ఈ గీటురాయి మీదే చూశాను: శాతంతో ఒకేసారి గుంపంతా తగ్గించగలగాలి, అరడిగ్రీ వంకర కూడా సరిచేయగలగాలి, అడగకుండా రంగు ముట్టుకోకూడదు.

ఏది ఎలా ఉంది

విండోస్‌తో వచ్చే పెయింట్‌లో శాతం ఉంది, కానీ ఒక్కొక్క ఫైలే చేసుకోవాలి. నా కంప్యూటర్లో ఉన్నదానిలో 90 డిగ్రీల చొప్పున తప్ప తిప్పలేం. ఒకటీ రెండూ స్టాంపులున్నవాళ్ళకు సరే. ఫాస్ట్‌స్టోన్ ఫోటో రీసైజర్ గుంపు పనికి బాగుంది, ఇంటి వాడకానికి ఉచితం. ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీ కూడా మంచిదే. మ్యాక్, లినక్స్ వాడేవాళ్ళు ఉంటే నేరుగా దాన్నే తీసుకోమంటాను.

నేను స్థిరపడింది ఇర్ఫాన్‌వ్యూ దగ్గర. 1996 నుంచి ఉన్న విండోస్ ప్రోగ్రామిది, వాణిజ్యానికి కాకపోతే ఉచితం. చాలా చిన్నది, పాత కంప్యూటర్లో కూడా టక్కున తెరుచుకుంటుంది. కంట్రోల్, యూ నొక్కితే సన్నగా తిప్పే కిటికీ వస్తుంది. అందులో 0.4 డిగ్రీలు అని వేయొచ్చు, తిప్పాక మూలల్లో మిగిలే ఖాళీకి నలుపు ఎంచుకోవచ్చు. తిప్పిన ప్రతిసారీ పిక్సెళ్ళు కొత్తగా లెక్కకట్టబడి బొమ్మ కొంచెం మెత్తబడుతుంది. అందుకని కొద్దికొద్దిగా రెండు మూడుసార్లు తిప్పడం వద్దు. కోణం నచ్చకపోతే వెనక్కి వెళ్ళి, అసలు ఫైలునే సరైన కోణంలో ఒక్కసారి తిప్పాలి. అది కూడా సైజు తగ్గించకముందే.

బి అక్షరం నొక్కితే గుంపు పని కిటికీ తెరుచుకుంటుంది. అక్కడ 50 శాతం, జేపెగ్ నాణ్యత 90, చుట్టూ 20 పిక్సెళ్ళ నల్ల అంచు, కొత్త పేరు, కొత్త ఫోల్డరు. ఈ అమరికను భద్రం చేసుకుంటే ప్రతిసారీ మళ్ళీ టైపు చేయక్కర్లేదు. ఇందులోనే రీశాంపుల్ (చుట్టుపక్కల పిక్సెళ్ళను కలిపి లెక్కకట్టి తగ్గించడం) అనే ఎంపిక ఉంది, దాన్ని తప్పక పెట్టాలి. చార్మినార్ బిళ్ళ సన్నని చెక్కుడు గీతలతో అచ్చయింది. మామూలు రీసైజ్‌తో తగ్గిస్తే కొన్ని గీతలు ఎగిరిపోయి, అసలు బిళ్ళలో లేని అలల్లాంటి చారలు పుడతాయి. లాంక్జోస్ అనే ఫిల్టర్ (లెక్కకట్టే పద్ధతి) ఎంచుకుని రీశాంపుల్ చేస్తే నీడలు నీడల్లాగే నిలిచాయి. రెండు ఫలితాల్నీ పక్కపక్కన పెట్టి వంద శాతం జూమ్‌లో చూస్తే తేడా ఎవరికైనా తెలిసిపోతుంది.

గింప్ ఎందుకు ఉంచుకున్నాను

గింప్ ఉచితం, శక్తిమంతం, కానీ గుంపు పనికి విడిగా ప్లగిన్ వేసుకోవాలి. రోజువారీ కత్తిరింపులకు దాన్ని తెరవను. నా దగ్గర అది చేసే పని ఒక్కటే: ముద్రలు చదవడం.

ఆరో జార్జి బొమ్మతో 1937లో మొదలైన ఒక అణా బిళ్ళ ఎర్రగా ఉంటుంది. దాని మీద నల్లటి గుండ్రని ముద్ర. అక్షరాలు సగం రాజు మొహంలో, సగం అంచు నగిషీలో కలిసిపోతాయి, భూతద్దం పెట్టినా కష్టమే. గింప్‌లో కలర్స్ మెనూలో కాంపొనెంట్స్, అందులో డీకంపోజ్ అనే పని ఉంది. ఆర్‌జీబీ ఎంచుకుంటే బొమ్మ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలుగా విడిపోతుంది. ఎరుపు పొర ఒక్కటే చూస్తే ఎర్ర సిరా కాగితంతో పాటు తెల్లబారి వెనక్కి తగ్గుతుంది, నల్ల సిరా మాత్రం నల్లగానే నిలబడుతుంది. రాజు మొహం దాదాపు మాయమై, గుండ్రంగా "కోకనాడ" అన్న ఇంగ్లీషు అక్షరాలు పైకి తేలాయి. కాకినాడకు ఆ రోజుల్లో పోస్టాఫీసు ముద్రలో ఉండే పేరు అదే. అప్పటిదాకా ఏ ఊరిదో తేలక పక్కన పెట్టిన బిళ్ళ అది. చాలా సంతోషం వేసింది. ఆ సాయంత్రమే ఎర్ర బిళ్ళలన్నీ బయటికి తీశాను, ఒక బెజవాడ కూడా దొరికింది. నీలం బిళ్ళలకు నీలం పొర చూడాలి. నల్ల స్టాంపు మీద నల్ల ముద్రకు ఈ ఉపాయం పనిచేయదు.

ఈ పొరల బొమ్మను విడి ఫైలుగా, పేరు చివర "చదవడానికి" అని పెట్టి ఉంచుతున్నాను. అసలు స్కాన్ టిఫ్ రూపంలో తాకకుండా ఉంటుంది. మరకలు తుడిచే పరికరాలు కూడా గింప్‌లో ఉన్నాయి, స్టాంపు మీద వాటిని వాడను. విరిగిన పన్ను, హింజ్ (ఆల్బంలో అతికించే జిగురు కాగితం ముక్క) మచ్చ, తుప్పు చుక్క ఉన్నవి ఉన్నట్టు కనిపించాలి. బొమ్మ చూసి మార్పిడికి ఒప్పుకున్నవాళ్ళ చేతికి అదే బిళ్ళ అందాలి కదా.

ఆగస్టు: ఇప్పుడు ఎక్కడున్నాను

1931 సెట్టు అయిపోయింది. 1937 నిజాం రజతోత్సవం నాలుగు బిళ్ళలూ, వాటిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఉస్మానియా ఆసుపత్రి ఉన్నవాటితో సహా, కత్తిరించి తగ్గించి పెట్టాను. ఫైలు పేర్లలో ముందు రాజ్యం, తర్వాత సంవత్సరం, విలువ, చివర ముందువైపో వెనకవైపో. విలువ కంటే సంవత్సరం ముందొస్తే ఒక్కో రాజ్యం ఫోల్డరు దానంతట అదే వరసలో నిలుస్తుంది. కాపీ ఒకటి విడి హార్డ్‌డిస్కులో ఉంది.

తర్వాతి వంతు 1947 నాటి బిళ్ళలు: వరంగల్ కోట కాకతీయ తోరణం, గోల్కొండ కోట. వాటికి వెనకవైపు కూడా స్కాన్ చేయాలని ఉంది. ఆ తెల్లటి వెనకవైపుల్లో జిగురు మెరుపు పోకుండా రావాలంటే అద్దం మీద ఎలా పెట్టాలో ఇంకా చూస్తున్నాను. తెలిసినవాళ్ళు చెబితే వచ్చే నెల పనిలో పెట్టి చూస్తాను.