నువ్వు బయట కూర్చో అమ్మా

"డాక్టర్‌తో నేనొక్కదాన్నే మాట్లాడతాను, నువ్వు బయట కూర్చో అమ్మా" అంది మా అమ్మాయి. పదిహేనేళ్ళది. రెండు నెలలు దాటినా పీరియడ్ రాలేదని అపాయింట్‌మెంట్ తీసుకున్నది నేను. అమెరికాలో ఈ వయసు పిల్లలతో డాక్టర్లు విడిగా మాట్లాడటం మామూలే. అయినా ఆ తలుపు బయట కూర్చోవడం నాకు కష్టమైంది.

గుంటూరులో నా డేట్ నాకంటే మా అమ్మకే బాగా గుర్తుండేది. నాలుగు రోజులు ఆలస్యమైతే నువ్వులుండలు చేసేది, వారం దాటితే పిన్నికి ఫోన్ చేసేది. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. నా కూతురికి ఆ సిగ్గు ఉండకూడదనే ఓణీల ఫంక్షన్ కూడా వద్దన్నాను. అదే నేను, ఈసారి దాని సంగతి అమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను.

తర్వాత డాక్టర్ నన్నూ లోపలికి పిలిచి వివరించారు. రజస్వల అయిన మొదటి రెండు మూడేళ్ళు మెదడు, అండాశయాల మధ్య హార్మోన్ల వ్యవస్థ ఇంకా కుదురుకోదు. కొన్ని నెలలు అండం విడుదలే కాదు. అందుకే 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా కంగారు లేదు. 90 రోజులు దాటినా, ఏడు రోజులకు మించి బ్లీడింగ్ అయినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోతున్నా తప్పకుండా చూపించాలి. మనవాళ్ళు వెంటనే అనేసే పీసీఓడీ అనే హార్మోన్ల సమస్యను ఈ వయసులో స్కాన్ చూసి తేల్చకూడదట. అండాశయాల్లో చిన్న బుడగల్లాంటివి ఎక్కువగా కనిపించడం అప్పుడు సహజమే.

మా అమ్మాయి రోజూ స్కూల్ టీమ్‌తో పరుగెడుతుంది. పరుగుకు తగ్గ తిండి లేకపోతే కూడా నెలసరి ఆగిపోతుందని, తిండి పెంచమని చెప్పారు. థైరాయిడ్ టెస్ట్ రాశారు. దాని పక్కనే గర్భ పరీక్ష. డేట్ తప్పితే ముందు చేసేది అదేనని తెలుసు. అయినా ఆ కాగితం చూడగానే గుండె ఆగినంత పనైంది.

రెండూ నార్మల్. కానీ లోపల ఏం మాట్లాడారో అడగలేదు. అడగకపోవడం దానికిచ్చిన గౌరవమో, నా భయమో తేల్చుకోలేకపోతున్నాను. అమ్మలా ఆరా తీస్తే ఇది నాకు దూరమవుతుందేమో. తీయకపోతే, రేపు నిజంగా కష్టం వస్తే ముందు నా దగ్గరికే వస్తుందా?