అడుగున పెట్టిన నెయ్యి

పదకొండు దాటింది. పడుకుందామంటే ఆ కాగితం బుర్రలోంచి పోవట్లేదు.

పిల్లల ప్రోగ్రాంకని పంచారు, "దేశదేశాల క్రిస్మస్ కథలు" అని. ఒక్కో కథ ఏడెనిమిది వాక్యాలు, ప్రతి దాని చివరా "కాబట్టి పిల్లలూ" అంటూ ఒక నీతి. చిన్నది అప్పుడే సగం బట్టీ కొట్టేసింది.

నార్వే, డెన్మార్క్‌లలో చెప్పుకునే నిస్సె కథ చూడండి. పశువుల కొట్టంలో మూరెడు మనిషి ఒకడుంటాడు. ఏడాది పొడుగునా గొడ్లని కనిపెట్టుకుని ఉంటాడు. వాడికి జీతమల్లా క్రిస్మస్ ముందురాత్రి గిన్నెడు జావ, దాని మీద ఒక వెన్నముద్ద. ఓ ఏడు ఆ ఇంటి పిల్ల వాణ్ణి ఆటపట్టిద్దామని వెన్న అడుగున పెట్టి పైన జావ పోసింది. వాడు చూశాడు, వెన్న లేదు. ఒళ్ళుమండి కొట్టంలోకెళ్ళి ఉన్నవాటిలోకెల్లా మంచి ఆవుని చంపేశాడు. ఆకలేసి మళ్ళీ వచ్చి జావ తింటుంటే అడుగున వెన్న తగిలింది. ఇక కూర్చోలేకపోయాడు. రాత్రికి రాత్రే బయల్దేరి అచ్చం అలాంటి ఆవునే ఎక్కడినుంచో తోలుకొచ్చి అదే గుంజకి కట్టాడు.

కాగితంలో ఆవు చావదు. "కోపపడ్డాడు, తర్వాత క్షమించమన్నాడు" అని ఉంది, అంతే. ఆవు చావకపోతే వాడు చీకట్లో పడి దేనికోసం తిరిగినట్టు? ఇక్కడి పిల్లలకి పాడి పశువు పోతే ఇంట్లో ఎలా ఉంటుందో తెలుసు. మనం దాచేదేముంది?

ఈ కథ చెప్పేటప్పుడు తలా చిన్న గిన్నెడు పరమాన్నం ఇస్తే మాటలతో పనే ఉండదు. నెయ్యి అడుగునే ఉండాలి. వేడి పరమాన్నంలో వేస్తే కరిగి పైకి తేలిపోతుంది, కథ అక్కడే చెడుతుంది. పరమాన్నం బాగా చల్లారనిచ్చి, ముందు గిన్నె అడుగున చెంచాడు పేరిన నెయ్యి పెట్టి, దాని మీద పరమాన్నం మెల్లగా జార్చాలి. ఈ చలికి నెయ్యి పేరే ఉంటుంది. ఆవు చచ్చిన చోట కథ ఆపి "ఇక తినండి" అనాలి. చెంచా అడుక్కి దిగేసరికి వాళ్ళ మొహాలు చూడాలి. అప్పుడు "కాబట్టి పిల్లలూ" అని ఎవరన్నా అంటే వినేవాళ్ళుండరు.

నికొలస్ కథనీ అలాగే పాడుచేశారు. "ఒక పేదవాడికి సాయం చేశాడు" అట. ఏం సాయం? 4వ శతాబ్దంలో మైరాలో, అంటే ఇప్పటి టర్కీలో, బిషప్పు ఆయన. ముగ్గురు కూతుళ్ళున్న తండ్రికి కట్నాలివ్వడానికి చిల్లిగవ్వ లేదు. పిల్లల్ని అమ్ముకోవడం తప్ప దారి లేని స్థితి. నికొలస్ ఎవరికీ కనబడకుండా రాత్రిపూట కిటికీలోంచి బంగారం మూట విసిరాడు. పెద్దదాని పెళ్ళయింది. మళ్ళీ ఒక మూట, తర్వాత ఇంకొకటి. శాంతా తాతకి మూలం ఈ మనిషే. ఆయన పండగ డిసెంబర్ 6. దానికి ముందు రాత్రుల్లో హాలండ్ పిల్లలు బూట్లలో ఆయన గుర్రానికి గడ్డి, క్యారట్లు పెట్టి పడుకుంటారు. కట్నం అన్న మాట పిల్లల ముందు వద్దని తీసేశారట! గోదావరి జిల్లాల్లో కట్నం మాట వినకుండా పెరిగే పిల్లలున్నారా? పెళ్ళిమాటలు జరిగే ప్రతి అరుగు మీదా వాళ్ళూ కూర్చునే ఉంటారు. బంగారం కిటికీలోంచి ఎందుకు పడిందో అందరికంటే ముందు అర్థమయ్యేది వాళ్ళకే.

కథల్లో ఏదీ కొయ్యకూడదనే సాయంత్రం నుంచీ అనుకుంటున్నాను. ఇక్కడిదాకా రాశాక ఐస్‌లాండ్ పిల్లి గుర్తొచ్చింది.

ఐస్‌లాండ్‌లో కొండల మీంచి 13 మంది అన్నదమ్ములు డిసెంబర్ 12 నుంచి 24 దాకా రోజుకొకరు చొప్పున దిగుతారు. తలుపులు దబాదబా వేసేవాడొకడు, గరిట నాకేవాడొకడు, గిన్నె అడుగు గోకేవాడొకడు, ఆఖర్న వచ్చేవాడు కొవ్వొత్తుల దొంగ. కిటికీలో పెట్టిన చెప్పులో మంచి పిల్లలకి బహుమతి, అల్లరి పిల్లలకి కుళ్ళిన బంగాళదుంప. వీళ్ళ పేరు చెప్పి పిల్లల్ని హడలగొడుతున్నారని 1746లో నిషేధమే పెట్టాల్సొచ్చింది. ఈ అన్నదమ్ముల్ని ఎంతైనా చెప్పొచ్చు. వాళ్ళింట్లోనే ఒక పెద్ద పిల్లి ఉంది. పండక్కి కొత్త బట్టలు లేనివాళ్ళని తినేస్తుంది. అక్కడ ఉన్ని పని పండగలోపు పూర్తి చేయించడానికి పుట్టిన బెదిరింపంటారు. ఇక్కడ మాత్రం, వరసలో కూర్చున్నవాళ్ళలో ఈ ఏడు కొత్త గౌను రానిపిల్ల ఒక్కతి ఉన్నా ఆ కథ చెప్పకూడదు. సార్వా ధాన్యం డబ్బులు ఇంకా చేతికి రాని ఇళ్ళు ఎన్నుంటాయి! భయపెట్టినా పర్వాలేదు, ఏడిపించినా పర్వాలేదు, తలొంచుకునేలా చేస్తే మాత్రం ఆ కథ వద్దు. కాగితం రాసినవాళ్ళు ఆ పిల్లిని మొత్తం వదిలేశారు. ఆ ఒక్కచోట వాళ్ళ మాటే నాది.

ఫిలిప్పీన్స్‌కి రెండు వాక్యాలిచ్చి సరిపెట్టారు. డిసెంబర్ 16 నుంచి 24 దాకా తెల్లారకుండానే గుడికెళ్తారు, వీధంతా వెదురు నక్షత్రాలు వేలాడతాయి. దాన్ని పరోల్ అంటారు. పెదమావయ్య చూరు కింద కూర్చుని కట్టే నక్షత్రమూ అదే కట్టు. 30 అంగుళాల బద్దలు పది. ఎండిన వెదురే కావాలి, పచ్చిదైతే తర్వాత ఎండి కట్లు వదులైపోతాయి. ప్రతి బద్దకీ రెండు చివర్ల నుంచీ పదకొండున్నర అంగుళాల దగ్గర బొగ్గుతో గీత పెట్టేవాడు. బద్దలు ఒకదాన్నొకటి ఆ గీతల మీదే దాటాలి, మధ్యలో ఏడంగుళాలు మిగలాలి. గీత తప్పితే ఒక కొమ్ము పొట్టిదైపోతుంది, ఎంత లాగినా సరికాదు. అయిదేసి బద్దలతో రెండు నక్షత్రాలు, కొమ్ముల చివర్లు రెండింటివీ కలిపి కట్టు. లోపలి అయిదు మూలల్లో ఆరంగుళాల పుల్లలు అడ్డం దూరిస్తే నక్షత్రం పొట్ట ఉబ్బుతుంది. అయిదు పుల్లలూ ఒకే కొలత ఉండాలి, లేకపోతే మెలి తిరుగుతుంది. గాలిపటాల కాగితం అరంగుళం ఎక్కువ ఉంచి కోసి, మైదా జిగురు పల్చగా రాయాలి. మందంగా రాస్తే ఆరాక ముడతలు. వెనక మధ్య ముక్క అంటించకూడదు, బల్బు పెట్టే తలుపు అదే. ఈ మంచుకి కాగితం తెల్లారేసరికి నానిపోతుంది కాబట్టి నెత్తిన పాలిథీన్ తొడుగు. ఆ రెండు వాక్యాల బదులు పిల్లల చేతికి పది బద్దలిచ్చి కూర్చోబెడితే చాలదా? ప్లాస్టిక్ నక్షత్రాలు అప్పుడే వీధి చివర కొట్లో వేలాడుతున్నాయి.

ఉక్రెయిన్ సాలెపురుగు కథ బాగానే రాశారు. చెట్టుని అలంకరించడానికి ఏమీ లేని విధవరాలి ఇంట్లో సాలెపురుగులు రాత్రంతా చెట్టుకి గూళ్ళల్లాయి, పొద్దున ఎండ పడేసరికి అవి వెండి, బంగారం అయ్యాయి. అక్కడ ఇప్పటికీ చెట్టుకి సాలెపురుగు బొమ్మ కడతారు. ఇది పొద్దున్నే గట్టు మీద చెప్పాలి. మంచు పట్టిన గూళ్ళు కుప్పల మీద కనబడతాయి, ఎండెక్కితే ఉండవు.

ఇటలీ ముసలమ్మ బెఫానాని కూడా డిసెంబర్ 25కే తోసేశారు. ఆమె వచ్చేది జనవరి 5 రాత్రి. బాలయేసుని చూడబోయే జ్ఞానులు దారి అడిగి, మాతో రమ్మంటే ఇల్లు ఊడ్చుకోవాలంది. తర్వాత మనసు మారి పరిగెత్తినా వాళ్ళు దొరకలేదు. అప్పట్నుంచి ఇంటింటికీ తిరిగి పిల్లలకి మిఠాయి, అల్లరివాళ్ళకి బొగ్గు పెట్టి వెళ్తోంది. ఇప్పుడు ఆ బొగ్గుని కూడా పంచదారతోనే చేస్తారు. మనకి సరిగ్గా సంక్రాంతికి బూజులు దులిపే రోజులవి, ప్రతి ఇంట్లోనూ చీపురు పట్టుకున్న పెద్దావిడ ఉంటుంది. అత్తయ్యనే చెప్పమంటాను. బొగ్గుకి తాటిబెల్లం ముక్క సరిపోతుంది.