ముప్పై ప్రశ్నలు, ఇరవై నిమిషాలు: బ్యాంకు పరీక్ష ఇంగ్లీషుతో నా అనుభవం

ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు ఉద్యోగాల కోసం 2019 డిసెంబరులో రాసిన ఐబీపీఎస్ క్లర్క్ తొలిదశ పరీక్ష, అంటే ప్రిలిమ్స్‌లో నాకు ఇంగ్లీషులో వచ్చిన మార్కులు 5.25. న్యూమరికల్ ఎబిలిటీ, రీజనింగ్ రెండూ బాగానే చేసినా, మూడు విభాగాల్లోనూ విడివిడిగా కటాఫ్ (కనీస మార్కులు) దాటాలన్న నిబంధన ఉండటంతో ఆ ఏడాది నా కథ అక్కడితో ముగిసింది. బీఎస్సీ మ్యాథ్స్ చదివినవాణ్ణి కాబట్టి స్కోరు కార్డు చూసిన రాత్రే చిన్న సమీకరణం ఒకటి వేసుకున్నాను. ముప్పై ప్రశ్నల్లో 29కి జవాబు పెట్టాను, తప్పుకు పావు మార్కు కోత, మొత్తం 5.25, అంటే ఒప్పులు 10, తప్పులు 19. ఒక్కో ప్రశ్నకు ఐదు ఆప్షన్లు ఉన్న పరీక్షలో కళ్లు మూసుకుని గుర్తించుకుంటూ పోయినా సగటున సున్నా వస్తుంది. రెండేళ్లుగా ఇంగ్లీషు మీద పెట్టిన శ్రమంతా కలిసి నాకు ఆ సున్నా మీద తెచ్చిపెట్టింది అయిదుంబావు మార్కులన్నమాట.

మాది గిద్దలూరు దగ్గర పల్లెటూరు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదువుకుని, మా వైపు చాలామంది పిల్లల్లాగే బ్యాంకు కోచింగ్‌కు పేరున్న నంద్యాలలో చేరాను. అక్కడ రాసుకున్న రన్నింగ్ నోట్సులో గ్రామర్ సూత్రాలు వందకు పైగా ఉండేవి. 'నీదర్', 'నార్' వచ్చిన వాక్యంలో క్రియ తనకు దగ్గరగా ఉన్న కర్తను అనుసరిస్తుందని నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాణ్ణి. అయితే పరీక్షలో ఏ వాక్యానికి ఏ సూత్రం వర్తిస్తుందో ఎవరూ చెప్పరు. వాక్యంలో తప్పెక్కడుందో పట్టుకోవాల్సిన ఎర్రర్ స్పాటింగ్‌లో నాకు ప్రతి వాక్యమూ నిక్షేపంగా ఉన్నట్టే తోచేది, 'నో ఎర్రర్' అని గుర్తించి ముందుకు వెళ్లిపోయేవాణ్ణి. 2020 మార్చిలో జనతా కర్ఫ్యూకు రెండు రోజుల ముందు హాస్టల్ ఖాళీ చేయించారు. నల్లమల మీదుగా వచ్చే రైలెక్కి ఆ నోట్సుతోనే ఊరికి చేరుకున్నాను.

హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మా పెదనాన్న ఇల్లు మా ఇంటికి రెండు గుమ్మాల అవతల. లాక్‌డౌన్‌లో ఆయనకూ పొద్దుపోక, ఒకనాటి సాయంత్రం నేను చేసిన ఎర్రర్ స్పాటింగ్ పేపరు తెమ్మని అడిగారు. ఇరవై అయిదు ప్రశ్నల్లో పద్నాలుగు తప్పులు. ఆయన సూత్రాల జోలికే పోకుండా, 'షీ ఈజ్ మ్యారీడ్ విత్ ఎ డాక్టర్' అన్న వాక్యం మీద వేలు పెట్టి అడిగారు.

"ఒరే, దీన్ని తెలుగులో చెప్పు."

"ఆమెకు డాక్టరుతో పెళ్లయింది."

"ఆ 'తో' ఉంది చూశావూ, అదే నీ చేత 'విత్' కరెక్టనిపించింది. ఇంగ్లీషులో 'మ్యారీడ్ టు' అంటారు. మరి ఇక్కడ 'డిస్కస్డ్ అబౌట్' అని ఉంటే ఎందుకు వదిలేశావు?"

"తప్పేముంది పెదనాన్నా? ఆ విషయం గురించి చర్చించారు అంటాం కదా."

"తెలుగులో అంటాంరా" అని ఆయన పేపరు నా చేతిలో పెట్టేశారు.

ఆ రాత్రి పద్నాలుగు తప్పులనూ ఒక్కొక్కటిగా తెలుగులోకి మార్చి చూసుకుంటే పదకొండింటికి మూలం మన వాక్యంలోనే దొరికింది. మరునాడు కొత్త నోటుబుక్కు మొదలుపెట్టాను. అందులో ఇంగ్లీషు సూత్రాలకు చోటివ్వకుండా, నన్ను తప్పుదారి పట్టించిన తెలుగు ప్రయోగాన్నే ప్రతి పేజీకీ శీర్షికగా పెట్టాను. 'నుంచి' ఒక పేజీ: 'రెండేళ్ల నుంచి', '2018 నుంచి' అని మనం ఒకే మాట వాడతాం గానీ, ఇంగ్లీషులో గడిచిన కాలానికి 'ఫర్', మొదలైన ఘడియకు 'సిన్స్' రావాలి. 'అన్నాడు' ఇంకో పేజీ: 'రేపు వస్తానన్నాడు' అనే వాక్యంలో మనం ఎదుటివాడి మాటలోని కాలాన్ని కదిలించం కనుక, 'హీ సెడ్ దట్ హీ విల్ కమ్' అని ఉంటే నా చెవికి ఏ అపశ్రుతీ వినిపించేది కాదు, అక్కడ 'వుడ్' ఉండాలని కన్ను పట్టేయడానికి నెల పట్టింది. 'వాన పడుతున్నా, అయినా సరే వచ్చాడు' అని రెండుసార్లు నొక్కి చెప్పే అలవాటు వల్లనే 'ఆల్దో'తో మొదలైన వాక్యం మధ్యలో 'బట్' వచ్చినా నాకు సహజంగా ఉండేది. 'తిరిగి వచ్చాడు' పేజీలో 'రిటర్న్డ్ బ్యాక్', 'మీద కోపం' పేజీలో 'యాంగ్రీ ఆన్' చేరాయి. జూలై నాటికి ఇలాంటి పేజీలు నలభై దాటాయి. ఆర్టికల్స్ మాత్రం ఈ పద్ధతికి లొంగలేదు. 'ఎ'కు కనీసం మన 'ఒక' ఆసరాగా ఉంది, 'ద'కు తెలుగులో దీటైన మాటే లేదు. అది చదవగా చదవగా పట్టుబడాల్సిందే తప్ప వేరే దారి నాకు కనబడలేదు. ఇప్పటికీ నేను తడబడేది అక్కడే.

పదజాలం సంగతి వేరు. రోజుకు యాభై పదాలు తెలుగు అర్థాలతో బట్టీపట్టి, వారం తిరిగేసరికి నలభై మరిచిపోయిన రోజులు చాలా ఉన్నాయి కాబట్టి ఆ పని మానేశాను. ఫోన్‌లో ద హిందూ సంపాదకీయం రోజుకొకటి చదివి, అర్థం కాని పదాన్ని అది ఉన్న వాక్యంతో సహా రాసుకోవడం మొదలుపెట్టాను. రోజుకు ఆరో ఏడో వచ్చేవి, కానీ నిలిచేవి. తెలియని పదాల కంటే తెలుసనుకున్నవే ఎక్కువ మోసం చేశాయని అప్పుడు అర్థమైంది. మన ఇళ్లలో ఫంక్షన్ అంటే శుభకార్యం, డౌట్ అంటే టీచరును అడగవలసిన ప్రశ్న, హోటల్ అంటే ఇడ్లీ దొరికే చోటు, కరెంట్ అంటే విద్యుత్తు. 'కరెంట్ అకౌంట్ డెఫిసిట్' అన్న మాట మొదటిసారి ఒక ప్రశ్నపత్రం ప్యాసేజీలో చూసినప్పుడు కరెంటు బిల్లుల బకాయి అనుకున్నానంటే ఈనాడు నమ్మేవాళ్లు ఉండరు. ఎగుమతుల వంటి వాటి వల్ల దేశంలోకి వచ్చే విదేశీ డబ్బు కంటే దిగుమతుల వంటి వాటికి బయటికి పోయేది ఎక్కువైనప్పుడు వచ్చే లోటు అదని తెలిసేసరికి ఆ ప్యాసేజీ మీద అయిదు ప్రశ్నలూ పోయాయి.

ప్యాసేజీ చదివి ప్రశ్నలకు జవాబులు పెట్టే రీడింగ్ కాంప్రహెన్షన్‌లో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినవి పొడుగు వాక్యాలు. 'తన తండ్రి కొన్న ఎద్దులను అమ్మిన రైతు బాధపడుతున్నాడు' అంటాం మనం. విశేషణాలన్నీ ముందే పేర్చుకుని రైతు దగ్గరికి చివర్లో వస్తాం. ఇంగ్లీషులో రైతు ముందే వస్తాడు, ఆయన వెనక ఎద్దులు, ఎద్దుల వెనక తండ్రి, ఆ తర్వాత ఎప్పుడో బాధ. నేను తెలుగు చదివే అలవాటుతో ఆ వాక్యం చివర ఉన్న క్రియను దానికి పక్కనే ఉన్న తండ్రికి అంటగట్టి, బాధపడుతున్నది తండ్రి అనుకునేవాణ్ణి. అందుకని రెండు నెలల పాటు సంపాదకీయంలో ప్రతి పొడుగు వాక్యానికీ అసలు కర్త కింద ఒక గీత, అసలు క్రియ కింద రెండు గీతలు గీశాను. ప్రింటు తీయించుకునే వీలు లేక వాక్యాలను చేత్తో ఎత్తి రాసుకోవలసి వచ్చింది. మేలు చేసింది బహుశా ఆ ఎత్తి రాయడమేనేమో.

ఇంకొక పొరపాటు తెలివితేటల వల్ల జరిగేది. ఒక మాక్ టెస్టులో (నమూనా పరీక్షలో) పంటల బీమా పథకమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన మీద ప్యాసేజీ వచ్చింది. ఖరీఫ్ ఆహార పంటలకు, నూనెగింజలకు రైతు వాటా ప్రీమియం 2 శాతం, రబీకి 1.5 శాతం అని నాకు ముందే తెలుసు, మా నాన్న కట్టేవారు కాబట్టి. పరిహారం ఎందుకు ఆలస్యమవుతోందన్న ప్రశ్నకు, రాష్ట్రాలు తమ వాటా సబ్సిడీ సకాలంలో చెల్లించకపోవడమే కారణమన్న ఆప్షన్‌ను ప్యాసేజీ వైపు చూడకుండానే పెట్టేశాను. రచయిత రాసింది మాత్రం దిగుబడి లెక్కగట్టే పంట కోత ప్రయోగాల్లో జాప్యం గురించి. నేను పెట్టింది లోకంలో నిజమే, కాకపోతే ఆ నాలుగు పేరాల్లో ఎక్కడా లేదు. అప్పటి నుంచి ప్రతి జవాబుకూ ప్యాసేజీలో వాక్యం చూపించగలిగితేనే గుర్తించాలని నియమం పెట్టుకున్నాను. తెలిసిన విషయం మీద ప్యాసేజీ వస్తే ఈనాటికీ నాకు భయమే.

సెప్టెంబరు నుంచి వారానికి మూడు మాక్‌లు రాశాను. ఇరవై నిమిషాల్లో ముందు క్లోజ్ టెస్టు (పేరా మధ్యలో వదిలిన మాటలు పూరించడం), ఎర్రర్లు, ఖాళీలు ఎనిమిది నిమిషాల్లో ముగించి, మిగతా సమయంలో ఎక్కువ భాగం ప్యాసేజీకి ఇచ్చి, చెల్లాచెదురు వాక్యాలను వరసలో పెట్టే పారా జంబుల్స్ చివరికి ఉంచుకోవడం నాకు కుదిరిన వరస. తెలియనిది వదిలేయడం ఒక్కటే కష్టమైంది. ఖాళీగా ఉన్న ప్రశ్నను చూస్తే చెయ్యి ఊరుకోదు.

2020 డిసెంబరు ప్రిలిమ్స్‌లో 22 ప్రశ్నలే పెట్టాను, 17 మార్కులు వచ్చాయి. పాత సమీకరణమే వేస్తే ఒప్పులు 18, తప్పులు 4. ఫిబ్రవరిలో జరిగిన రెండో దశ పరీక్ష మెయిన్స్‌లో ఇంగ్లీషుకు 35 నిమిషాల్లో 40 ప్రశ్నలు. అందులో ఒక ప్యాసేజీ రెండుసార్లు చదివినా కొరుకుడు పడక మొత్తంగా వదిలేసి బయటికి వచ్చాను. అయినా ఉద్యోగం వచ్చింది.

బ్రాంచిలో చేరిన మొదటి వారంలో, ఒక పాత రుణఖాతా గురించి ప్రాంతీయ కార్యాలయానికి ఉత్తరం ముసాయిదా రాసివ్వమని మేనేజరు గారు అడిగారు. అరపేజీ ఉత్తరానికి అరగంట తీసుకుని, ఆయన టేబుల్ దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి కూర్చున్నాను. రెండో పేరాలో 'డిస్కస్డ్ అబౌట్' అని రాసి ఉంది. 'అబౌట్' కొట్టేసి తీసుకెళ్లి ఇచ్చాను.