నాలుగు సెంటీమీటర్ల బుర్రకథ దళం: ఆరో వారం

కథకుడికి రెండు పక్కలా నిలబడి వంత పాడే వంతలిద్దరూ పూర్తయ్యారు. మధ్యలో నిలబడే కథకుడికి ఇంకా తంబుర రాలేదు.

లెగో మినీఫిగర్లను, అంటే లెగో సెట్లలో వచ్చే చిన్న ప్లాస్టిక్ మనిషి బొమ్మలను, బుర్రకథ దళంగా మారుస్తున్నాను. టోపీ లేకుండా ఒక్కో బొమ్మ 4 సెంటీమీటర్లు. 1978లో వచ్చినప్పటి నుంచి ఆ కొలత అలాగే ఉంది కాబట్టి ఏ సెట్‌లోని తలైనా ఏ ఒంటికైనా సరిపోతుంది. పసుపు తలలకు రంగు వేయకుండా చామనఛాయ తలలు, చేతులు విడిగా కొన్నాను. మెడ తిరిగే చోట, చెయ్యి పట్టు బిగిసే చోట రాపిడికి ఎంత మంచి రంగైనా లేచిపోతుంది.

ఎక్కువ కాలం పట్టింది నిలువుటంగీకే. మొదట గాలికి ఆరే క్లే వాడాను. ఆరేటప్పుడు అది కుంచించుకుపోయి నడుము దగ్గర పగిలింది. ఓవెన్‌లో కాల్చే పాలిమర్ క్లేకి దాదాపు 130 డిగ్రీల వేడి కావాలి. బొమ్మ ఏబీఎస్ ప్లాస్టిక్ 100 దాటగానే మెత్తబడటం మొదలవుతుంది, కాబట్టి దాన్ని బొమ్మ మీద పెట్టి కాల్చడం కుదరదు. చివరికి ఎం-సీల్ పనికొచ్చింది. రెండు ముద్దలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ ముద్ద అది. రెండు ముద్దలూ సమానంగా తీసుకుని, చేతులకు గ్లవ్స్ వేసుకుని, ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి. అరగంటలోపు ఆకారం తెచ్చేయాలి. వేలు తడి చేసుకుంటే అంటుకోదు. ముద్ద తాకకూడని కీళ్ళకు ముందే కాస్త వాజ్‌లైన్ రాశాను. అంగీ మడతలు గుండుసూది మొనతో గీశాను.

అంగీ తొడల మీదికి దిగితే కాళ్ళు కదలవు. దీని గురించి రెండు రోజులు ఆలోచించాను. కథకుడు కూర్చోడు కదా, ముందుకూ వెనక్కూ అడుగులేస్తూ కథ చెబుతాడు. అందుకే ఒక కాలు ముందుకు జరిపి, ఆ అడుగులోనే ముద్ద బిగించేశాను. ఇప్పుడు బొమ్మను చూస్తే ‘తందాన తాన’ అనబోతున్నట్టే ఉంది. ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చింది ఇదే.

మర్నాడు 400, తర్వాత 800 నంబరు ఎమరీ పేపర్‌ను నీళ్ళలో తడిపి రుద్దాను. పొడిగా రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మాస్క్ తప్పనిసరి. పైన ప్రైమర్, ఆపైన పలుచగా నాలుగు పూతల యాక్రిలిక్. చిక్కగా ఒకే పూత వేస్తే గుండుసూదితో గీసిన మడతలు పూడిపోతాయి.

జరీ అంచు కోసం వాటర్‌స్లైడ్ డికాల్స్ వేశాను. నీళ్ళలో తడిపితే కాగితం మీంచి జారి వచ్చి అతుక్కునే పలుచని పారదర్శక స్టిక్కర్లు ఇవి. మొదటి షీట్ నీళ్ళలో వేయగానే సిరా మొత్తం కరిగిపోయింది. ఇంక్‌జెట్ ప్రింట్ మీద క్లియర్ స్ప్రే మూడు పూతలు వేసి, బాగా ఆరాకే తడపాలి. ప్రింటర్ తెల్లరంగు అచ్చు వేయదు కాబట్టి ముదురు ఎరుపు అంగీ మీద పసుపు అంచు కనిపించకుండా పోయింది. అక్కడ తెల్ల డికాల్ పేపర్ వాడి అంచు వెంట కత్తిరించాను. వంపుల దగ్గర వెనిగర్ కలిపిన నీళ్ళు బ్రష్‌తో అద్దితే డికాల్ మడతల్లోకి సర్దుకుంటుంది.

అమ్మమ్మది గుంటూరు జిల్లా. చిన్నప్పుడు ప్రసిద్ధ బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్ గారి కథ కళ్ళారా చూసింది. బొమ్మను చేతిలోకి తీసుకుని మొదట అడిగిన మాట, “బొటనవేలికి అందెలేవి నాన్నా?” మినీఫిగర్ చేతికి వేళ్ళుండవు, కొక్కెంలా ఉంటుంది. అయినా అమ్మమ్మ అడిగింది న్యాయమే. అందెలు మోగకపోతే కథకు తాళం ఎక్కడిది? కరెంటు వైరులోని ఒక రాగి పోగు తీసి, సూది చుట్టూ చుట్టి రెండు రింగులు చేశాను. కొక్కెం పై కొసకు ఒకటి, కింది కొసకు ఒకటి సూపర్‌గ్లూ చుక్కతో అతికించి ఇత్తడి రంగు వేశాను. ఈసారి అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, “ఆఁ, ఇప్పుడు కథకుడయ్యాడు” అంది.

వంతలు వాయించే మట్టి డప్పులు, గుమ్మెటలకు మాత్రం కాల్చిన మట్టి రంగు ఒక్క పూత చాలింది.

తంబుర కాడకు వెదురు పుల్ల తీసుకున్నాను. చేతి పట్టు 3.2 మిల్లీమీటర్లు, పుల్ల కొంచెం లావుగా ఉంటే అరగదీశాను. బుర్ర ఎం-సీల్‌తో చేసి ఇందాకే కాడకు అతికించాను. రాత్రంతా ఆరాలి. రేపు తీగల కోసం అమ్మమ్మ దారపు డబ్బా వెతకాలి.