తుడిచేసిన టేపుల మీది వంటలు

1937 జనవరి 21న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ స్టూడియోలో మార్సెల్ బూలెస్టాన్ అనే ఫ్రెంచి వంటనిపుణుడు ఆమ్లెట్ వేసి చూపించాడు. బీబీసీ టెలివిజన్ ప్రసారాలు మొదలై అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. టీవీలో వంట నేర్పిన తొలి వ్యక్తిగా ఆయన పేరే చెబుతారు గాని, ఆ ఆమ్లెట్ ఎలా తిరగేశాడో చూద్దామంటే దృశ్యం లేదు. అప్పటి ప్రసారాలు ప్రత్యక్షంగా సాగి, సాగినంతలోనే ముగిసిపోయేవి. యుద్ధం ముగిశాక 1946లో అదే బీబీసీలో ఫిలిప్ హార్బెన్, అమెరికాలో ఎన్‌బీసీ చానల్ మీద జేమ్స్ బియర్డ్ వంట కార్యక్రమాలు మొదలుపెట్టారు. బియర్డ్ పేరుమీద నేటికీ అమెరికాలో పాకశాస్త్ర పురస్కారాలు ఇస్తున్నారు, ఆయన పుస్తకాలూ దొరుకుతున్నాయి, కాని ఆయన తొలి కార్యక్రమం ‘ఐ లవ్ టు ఈట్’ దృశ్యరూపంలో మిగలలేదు. మండిపోయే స్టూడియో దీపాల కింద, నలుపు తెలుపు తెర మీద చీజులోని నీలి చారలు కనిపించడం కోసం సిరాతో గీతలు గీసేవారని మాత్రం చెప్పుకుంటారు.

వంట కార్యక్రమాల చరిత్ర చదవడం నాకు కొంతకాలంగా వ్యసనమైంది. చదివిన కొద్దీ బలపడిన అభిప్రాయం ఒకటుంది. ఎవరి పేరు నిలిచింది, ఎవరి పేరు మరుగున పడింది అన్నదానికి చేతివాటం కన్నా, మాటకారితనం కన్నా, ఆ టేపు ఎవరి బీరువాలో ఉండిపోయింది అన్నదే ఎక్కువ కారణం.

అమెరికా టీవీలో ఫ్రెంచి వంట నేర్పిన జూలియా చైల్డ్ సంగతే చూడండి. 1962లో బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ అనే విద్యా టెలివిజన్ కేంద్రం ఆమెతో ప్రయోగాత్మకంగా మూడు భాగాలు తీసింది. అంతకు ముందు సంవత్సరమే ఆ కేంద్రం స్టూడియో అగ్నిప్రమాదంలో కాలిపోవడంతో, స్థానిక గ్యాస్ కంపెనీ తన పొయ్యిల ప్రదర్శనకు ఉంచుకున్న వంటగదిలో వాటిని చిత్రీకరించారు. ఆ మూడు టేపులూ ఇప్పుడు లేవు. ఆ కాలంలో రెండంగుళాల వెడల్పుండే వీడియో టేపు చాలా ఖరీదైనది కనుక, ప్రసారం అయిపోయిన దాన్ని చెరిపి మరో కార్యక్రమానికి వాడుకోవడం బీబీసీతో సహా చాలా చోట్ల ఉన్న పద్ధతే. నాటకాలూ వార్తలూ కూడా అలాగే పోయాయి, ఇక వంటను దాచాలని ఎవరికి తోస్తుంది? కాని 1963 ఫిబ్రవరి 11న మొదలైన ఆమె ‘ది ఫ్రెంచ్ షెఫ్’కు ఒక అదృష్టం కలిసివచ్చింది. డబ్బులేని విద్యా టెలివిజన్ కేంద్రాలు ఒకదాని కార్యక్రమాన్ని మరొకటి తెచ్చుకుని ప్రసారం చేసుకునేవి గనుక టేపులు ఊరూరా తిరిగాయి, తిరిగినవి నిలిచాయి. ఎడిటింగుకు కూడా డబ్బు చాలక ఇంచుమించు ఏకబిగిన తీసేవారు. అందుకే బంగాళదుంపల అట్టు తిరగేయబోయి పొయ్యి మీద జారవిడిచి, మళ్లీ ఎత్తి పెనంలో వేసుకున్న సన్నివేశం అలాగే ఉండిపోయింది. అభిమానులు ఆమెలో మెచ్చుకున్న సహజత్వంలో కొంత భాగం పేదరికం ఇచ్చిన వరమే. ఆమెకన్నా పదహారేళ్ల ముందు తెర మీదికి వచ్చిన బియర్డ్‌కు ఆ భాగ్యం లేకపోయింది.

మన దేశంలో 1993లో జీ టీవీ మీద మొదలైన ‘ఖానా ఖజానా’ను చాలామంది తొలి పెద్ద వంట కార్యక్రమంగా చెప్పుకుంటారు. సంజీవ్ కపూర్ పేరు ఇంటింటికీ తెలిసింది అక్కడినుంచే. దానికి దర్శకుడు హన్సల్ మెహతా అన్నది మాత్రం ఎంతమందికి గుర్తుంటుంది? తరువాత ఆయన సినిమాలకు జాతీయ పురస్కారం వచ్చింది, ఆయన జీవిత విశేషాల్లో ఉల్లిపాయలు వేగిన ఆ సంవత్సరాలు ఒక్క వాక్యానికి కుదించుకుపోయాయి.

తెలుగులో కథ మరో రకంగా నడిచింది. ఈనాడు పత్రిక 1974 ఆగస్టు 10న పుట్టింది మా విశాఖపట్నంలోనే గనుక, 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైనప్పుడు మా పెద్దవాళ్లు దాన్ని తెలిసినవాళ్ల ఇంటి శుభకార్యంలా చూశారు. మధ్యాహ్నం వచ్చే ‘అభిరుచి’ కోసం అన్నాలు ముందే తిని, పుస్తకం, పెన్ను దగ్గర పెట్టుకుని కూర్చునేవారు. ఆ పేరుతో తరువాత ఒక చానలే వచ్చింది. అయితే మన తెలుగు కార్యక్రమాల్లో, ఏ చానలైనా, వంట చేసేది ఎక్కువగా ఒక గృహిణి. పక్కన నిలబడి ‘ఇప్పుడు ఏం వేస్తున్నారండీ’ అని అడిగి, చివర ఒక చెంచా రుచి చూసి ‘చాలా బాగుందండీ’ అనేది యాంకర్. పేరు యాంకర్‌కు మిగిలింది, వండినావిడ పేరు తెర అడుగున కొద్ది క్షణాలు కనిపించి వెళ్లిపోయింది. అటువంటి ఎన్ని వందలమంది ఇల్లాళ్లు మన తొలి టీవీ వంటలకు అసలు గురువులో లెక్క కట్టినవారు లేరు. మాలతీ చందూర్ ‘వంటలు - పిండివంటలు’ అచ్చులో ఉండబట్టి తరాలు దాటింది, వీరికి ఆ ఆధారం కూడా లేదు.

మహారాణిపేటలో ఉండే మా పిన్ని వారిలో ఒకరు. ఒక చానల్ వాళ్లు పిలిస్తే ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేసి చూపించింది. పూర్ణా మార్కెట్‌లో కొట్టించిన పొట్టును ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నీరు పిండి, చింతపండు రసంతో మగ్గించి, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరప, ఇంగువ పోపు పెట్టి, దింపి కాస్త చల్లారాక నూరిన ఆవ కలపాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. స్టూడియోలో చల్లారేదాకా ఆగడానికి సమయం ఇవ్వలేదట. పొయ్యి మీదుండగానే కలిపించి, యాంకర్ చేత మెచ్చుకోలు చెప్పించి ముగించారు. ‘ఆ పిల్ల ఎలా మింగిందో పాపం’ అని పిన్ని ఇప్పటికీ అంటుంది. ప్రసారమైన రోజు బాబాయి వీసీఆర్ మీద దాన్ని రికార్డు చేశారు, కొన్నాళ్లకు అదే కేసెట్ మీద ఏదో క్రికెట్ మ్యాచ్ ఎక్కించారు. బీబీసీ చేసిన పనే మా బాబాయీ చేశారు, ఆయనను మాత్రం పిన్ని క్షమించలేదు. మ్యాచ్ తరువాత చివర్లో ఏమైనా మిగిలిందేమోనన్న ఆశతో ద్వారకానగర్‌లో పాత కేసెట్లను డిజిటల్‌లోకి మార్చే దుకాణానికి నేను తీసుకెళితే, సముద్రపు గాలి తేమకు టేపంతా బూజు పట్టిందనీ, యంత్రంలో పెడితే టేపును చదివే హెడ్ పాడవుతుందనీ తిప్పి పంపారు. ఈ ఊళ్లో అటక మీద కేసెట్లు దాచుకున్న వారందరికీ ఈ చిక్కు ఉన్నట్టే.

ఇప్పుడు పరిస్థితి తలకిందులైంది. తెనాలి ప్రాంతంలోని గుడివాడ గ్రామంలో కట్టెల పొయ్యి మీద వండిన మస్తానమ్మ, నూరేళ్లు దాటిన వయసులో యూట్యూబ్‌కు ఎక్కి, 2018 డిసెంబరులో కన్నుమూసింది. పుచ్చకాయలో ఆమె వండిన కోడికూరను ఎన్నిసార్లయినా చూడవచ్చు. బూలెస్టాన్ ఆమ్లెట్‌కు ఆ యోగం పట్టలేదు. అయితే ఆ భద్రత కూడా ఒకరి చేతిలోనిదే. మా ప్రాంతపు వంటలు చూపే ఒక యూట్యూబ్ చానల్, తనకు పేరు రాగానే, తన తొలి వీడియోలను, గొంతు వణుకుతూ, కెమెరా ఊగుతూ, ఎసరు పొంగుతూ ఉన్నవాటిని, తొలగించేసింది. ఎందుకని వ్యాఖ్యలో అడిగితే, ఇప్పటి వాటి పక్కన అవి బాగా లేవని జవాబు వచ్చింది. నాకైతే అందులోని చోడి (రాగి) అంబలి వీడియోయే వాళ్లు చేసినవన్నింటిలోకీ మంచిది.