రెండు చార్మినార్లంత గుట్ట

అమెరికా పండగ థాంక్స్‌గివింగ్ ముందురోజు ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. నేనూ మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి, తొమ్మిదేళ్ల మా పాపను తీసుకుని, మంచు మీద స్కీయింగ్ చేసే బక్ హిల్‌కి వెళ్లాను. మిన్నెసోటాలోని బర్న్స్‌విల్‌లో, ఐ-35 హైవేని ఆనుకునే ఉంటుందది. ఎనిమిదేళ్లుగా దాని పక్కనుంచే పోతూ వస్తూ ఉన్నా, ఏనాడూ కారు అటు తిప్పలేదు.

ఎత్తు 300 అడుగుల పైచిలుకు. చార్మినార్ మీద ఇంకో చార్మినార్ పెడితే ఇంచుమించు అంత. కొండ అనాలంటే నాకే మొహమాటం, గుట్ట అంటే సరిపోతుంది. కానీ 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ స్కీ పందెంలో స్వర్ణం గెలిచిన లిండ్సీ వాన్ చిన్నప్పుడు స్కీయింగ్ నేర్చుకున్నది ఈ గుట్ట మీదే. అందుకని ఇక్కడివాళ్ల ముందు దీన్ని చిన్నచూపు చూడకూడదు.

అసలు నాకు మంచు అంటే చాకిరీ. పొద్దున్నే లేచి పార పట్టుకోవాలి, వాకిట్లో ఉప్పు చల్లాలి, కారు అద్దం గీకాలి. "ఇంటి ముందున్నది చాలదా, డబ్బులు కట్టి మరీ మంచులోకి పోవాలా? కాలు విరిగితే ఇన్సూరెన్సులో మన వాటా, డిడక్టిబుల్, ఎవరు కడతారు?" అంది మా ఆవిడ. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. స్కూల్లో స్నేహితులంతా స్కీయింగ్ చేస్తారని పాప రెండేళ్లుగా పోరుతోంది, అంతే.

అద్దె సామాన్ల దగ్గర ఒక ఫారం ఇచ్చారు. వయసు, ఎత్తు, బరువు రాయాలి. బరువు రెండు కిలోలు తగ్గించి రాయబోయి ఆగాను. బూటును స్కీకి, అంటే కాలి కింద కట్టుకునే పొడవాటి పలకకి, పట్టి ఉంచే బిగింపు ఎంత ఉండాలో ఆ లెక్కతోనే పెడతారట. పడ్డప్పుడు స్కీ ఊడిపోవాలి, ఊడకపోతే మోకాలు మెలిపడుతుంది. ఎలా నడుపుతావన్న ప్రశ్నకు 'జాగ్రత్తగా' అనేదానికి టిక్కు పెట్టాను. కుర్రాడు స్క్రూడ్రైవర్‌తో రెండు తిప్పులు తిప్పి ఇచ్చేశాడు. ఇక ఆ బూట్లు! చీలమండ దగ్గర ఇసుమంతైనా వంగవు. కాళ్లకు సిమెంటు పట్టీ వేసుకున్నవాడిలా కాళ్లీడ్చుకుంటూ బయటికొచ్చాను.

బయట చూస్తే గుట్టంతా ఎండుగడ్డి రంగు. మధ్యలో ఒకే ఒక్క తెల్లటి దారి, నేల మీద పంచె ఆరేసినట్టు. ఆకాశం నుంచి ఇంకా సరిగా మంచు పడనే లేదు. ఇదంతా మెషీన్లతో చేసిన మంచు. నేర్చుకునేవాళ్లను పైకి మోసుకెళ్లే కన్వేయర్ బెల్టు దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పలకరిస్తే, రాత్రంతా మంచు చేశామనీ, గాలి పొడిగా ఉండటం కలిసొచ్చిందనీ అన్నాడు.

పొడిగాలికీ మంచుకీ సంబంధమేంటని అడిగాను. ఆయన చెబుతుంటే నాకు రామగుండంలో మా ఇంటి కిటికీకి బిగించిన కూలర్ గుర్తొచ్చింది. మే నెలలో గడ్డి మీద నీళ్లు కారుతుంటే, ఆ నీరు ఆవిరవుతూ గాలి చల్లబడేది. అదే కూలర్ విశాఖలో పెడితే ఉక్కపోతే తప్ప చల్లదనం ఉండదు, అక్కడి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి. ఇక్కడా అదే కిటుకు. నీటిని సన్నటి తుంపరలుగా గాలిలోకి చిమ్ముతారు. తుంపరలో కొంత ఆవిరైపోతూ మిగతాదాన్ని చల్లబరుస్తుంది, కింద పడేలోపు అది గడ్డకడుతుంది. గాలి బాగా పొడిగా ఉంటే థర్మామీటరు, నీరు గడ్డకట్టే 32 ఫారెన్‌హీట్ దాటినా పని జరుగుతుందట. తేమగా ఉంటే 28కి దిగినా కష్టమే. రాత్రే చలెక్కువ కాబట్టి రాత్రే డ్యూటీ. మా నాన్న పవర్ ప్లాంటులో నైట్ షిఫ్ట్ చేసి పొద్దున ఇంటికొస్తే మొహం ఇలాగే ఉండేది.

గంటన్నరలో పదకొండుసార్లు పడ్డాను. పాప లెక్కపెట్టింది కాబట్టి తెలుసు. మెషీన్ మంచు మెత్తగా ఉంటుందనుకుంటే పొరపాటే, గల్లుప్పులా గరగరలాడుతుంది, చేతి తొడుగులోకి దూరితే కోసుకుంటుంది. పడటం కంటే లేవడం కష్టం. రెండు స్కీలనూ వాలుకు అడ్డంగా పెట్టుకుంటేనే లేవగలం, లేదంటే లేస్తూ లేస్తూనే జారిపోతాం. ఆగాలంటే స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెట్టాలి. ఆ ఆకారాన్ని ఇక్కడ పిల్లలకు పిజ్జా ముక్క అని నేర్పుతారు.

"నాన్నా, పిజ్జా! పిజ్జా!" అని పాప వెనకనుంచి గొంతు చించుకుని అరుస్తుంటే, ఎవరో ఆకలేసిందేమో అనుకుని ఉంటారు. నేను మాత్రం నెట్ కంచె దగ్గర కూర్చుని ఆగాను. ఆఫీసులో నలుగురికి పని నేర్పేవాణ్ణి. ఇక్కడ నాలుగేళ్ల పిల్లాడొకడు నన్ను చుట్టి దాటుకుంటూ 'సారీ' చెప్పి పోయాడు.

నాలుగున్నరకే చీకటి పడింది, లైట్లు వెలిగాయి. ఒక్కసారి కుర్చీ లిఫ్టు ఎక్కుదామని పాప పట్టు. కుర్చీ వెనకనుంచి వచ్చి మోకాళ్ల కింద తగిలేసరికి దానంతటదే కూర్చోబెట్టేసింది. పైనుంచి చూస్తే హైవే మీద ఎర్రలైట్ల బారు, పండక్కి ఊళ్లకు పోయేవాళ్లు. రోజూ నేనుండేది ఆ బారులోనే. జేబులో ఫోన్ మోగింది. ఆ వారం ఆఫీసు నుంచి ఎప్పుడు పిలిచినా పలకాల్సిన ఆన్‌కాల్ వంతు నాదే. తొడుగు పళ్లతో లాగి చూస్తే రాత్రి పది గంటల సాఫ్ట్‌వేర్ రిలీజ్ గురించి మెసేజ్. చలికి స్క్రీన్ నా వేలిని గుర్తుపట్టలేదు. దిగాక చూద్దామనుకున్నాను.

సామాన్లు అప్పగించి పార్కింగ్‌కి వచ్చేసరికి గుట్ట మీద మెషీన్లు మళ్లీ హోరెత్తాయి. ఆ పెద్దాయన షిఫ్టు మొదలైనట్టుంది. గాలి ఇటే వీస్తోంది. కారు అద్దం మీద అప్పటికే సన్నటి తెల్లపొర. పాప వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. నేను డిక్కీ తెరిచి గీకుడు కర్ర కోసం వెతుకుతున్నాను.