మిషన్ దగ్గర తెలుగు

"అమ్మా, కుట్టు మిషన్ దగ్గర కూర్చుంటే నీ తెలుగు వేరేగా ఉంటుంది."

ఈ మాట మా చిన్నది ఇంగ్లీషులో అంది. తొమ్మిదేళ్ళది. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. వేరేగా అంటే ఎలాగే అన్నాను. ఆపిల్ ముక్క కొరుక్కుంటూ, వేళ్ళ మీద లెక్కపెడుతూ చెప్పింది. "లే. తిను. ఆపు. పద. ఎన్నిసార్లు చెప్పాలి. అది మామూలు తెలుగు. మిషన్ దగ్గరైతే రామ్మా, నెమ్మదిగా, అదీ, మా తల్లే అంటావు." కాస్త ఆగి, "దారంతో," అంది.

ఆ నాలుగైదు మాటలూ మాత్రం తెలుగులోనే అంది, నా గొంతుతో సహా. మాటకి మాట, రాగానికి రాగం. నవ్వాలో ఏం చెయ్యాలో తెలియక గిన్నెలు సర్దాను.

మర్నాడు పొద్దున బస్సు వచ్చేలోపు నా నోట్లోంచి వచ్చే తెలుగుని కనిపెట్టి చూసుకున్నాను. బూట్లేవి. సీసా మర్చిపోకు. ఆ జుట్టేంటి అలా. ముందు మింగు, తర్వాత మాట్లాడు. బస్సెక్కాక చెయ్యి ఊపుతూ మాత్రం "లవ్ యూ, హావ్ ఎ గుడ్ డే" అన్నాను. తిట్లన్నీ తెలుగులో, ముద్దులన్నీ ఇంగ్లీషులో. వాన వచ్చినా జ్వరం వచ్చినా ప్రతి ఆదివారం నలభై నిమిషాలు కారు నడిపి తెలుగు బడిలో దింపి వచ్చేదాన్ని, ఇంట్లో తెలుగుని పోలీసు భాష చేసి పెట్టాను.

అసలు నాకు కుట్టు వచ్చు అనుకునేరు, రాదు. నిరుడు చలికాలం కొన్న కర్టెన్లు ఏడంగుళాలు పొడుగయ్యాయి. కత్తిరించి అంచు కుట్టడానికి షాపువాళ్ళు అడిగిన కూలి కర్టెన్ల ఖరీదు కంటే ఎక్కువ. పంతానికి పోయి చిన్న మిషన్ కొన్నాను, నలభై రెండేళ్ళ వయసులో.

మిషన్‌తో నాకు పాత లెక్క ఒకటుంది. తెనాలిలో మా ఇంటి వసారాలో అమ్మ ఉషా మిషన్ ఉండేది. నల్లటిది, ఒంటి మీద బంగారు రంగు పూలు, చక్రానికి తోలు బెల్టు. పదో తరగతి అయిపోయిన ఎండాకాలం సెలవుల్లో అమ్మ "రోజుకో గంట కూర్చోవే, నేర్పుతా" అంది. "ఎంసెట్ రాసేదాన్ని, నాకీ దర్జీ పనెందుకమ్మా" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. తొక్కడం కూడా ఆపలేదు. అప్పుడు ఆవిడ కుడుతున్నది విజయవాడ హాస్టల్‌కి నేను తీసుకెళ్ళాల్సిన దిండు గలీబు. మిగతావాళ్ళ వాటితో కలిసిపోకుండా ఒక మూల ఎర్రదారంతో నా పేరు మొదటి అక్షరం కూడా కుట్టింది. రెండేళ్ళు దాని మీద తల పెట్టుకుని ఫార్ములాలు బట్టీ పట్టాను.

ఇప్పుడేమో యూట్యూబ్‌లో ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ చెబితే నేర్చుకుంటున్నాను. మొదటి వారం గుడ్డకి పైవైపు కుట్టు బాగానే పడేది, తిరగేస్తే కింద పిచ్చుక గూడు. కింది దారం చుట్టి ఉండే బాబిన్‌దే తప్పనుకుని పదిసార్లు ఊడదీసి పెట్టాను. తప్పు కింద లేదు, పైన ఉంది. గుడ్డని నొక్కి పట్టే ఫుట్‌ని కిందికి దించేసి దారం ఎక్కించేదాన్ని. ఫుట్ దించితే పైదారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్ళలు దగ్గరికి నొక్కుకుంటాయి, దారం వాటి మధ్యకి దిగదు. పట్టు లేని పైదారం వదులు వదులుగా వచ్చి కింద గుట్టపడుతుంది. ఫుట్ పైకెత్తి ఎక్కించాలి, అంతే. ఈ ముక్క తెలుసుకోవడానికి ఆరు రోజులు, ఒక ఏడుపు పట్టాయి. అమ్మనడిగితే ఫోన్లోనే ఒక్క మాటలో చెప్పేది. అడగలేదు.

కుట్టుకుంటే మనసు నెమ్మదిస్తుందంటారు, నిజమే. పిల్లలు పడుకున్నాక కూర్చుంటే కన్ను సూది దగ్గర, రెండు చేతులూ గుడ్డ మీద, కాలు పెడల్ మీద. ఫోన్ పట్టుకోవడానికి ఇంకో అవయవం మిగలదు. ఆఫీసులో నేను చేసే పని ఎవరో ఒకరు సంతకం పెడితే గానీ అంగుళం కదలదు. ఇక్కడ ఇరవై అంగుళాలు కుడితే ఇరవై అంగుళాలు అయినట్టే. తప్పు పడితే విప్పి మళ్ళీ వేసుకోవచ్చు, మీటింగ్ పెట్టక్కర్లేదు. గంటలో ఒక గలీబు చేతికొస్తుంది. ఆ టకటకలో ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది, భుజాలు చెవుల దగ్గర్నుంచి కిందికి దిగుతాయి.

కాబట్టి కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇదీ: గలీబుతోనే మొదలుపెట్టండి. అన్నీ తిన్నని గీతలే, జిప్పు అక్కర్లేదు. కాటన్ అయితే 80/12 నంబరు సూది, కుట్టు పొడుగు రెండున్నర మిల్లీమీటర్లు. కొత్త గుడ్డయితే ముందు తడిపి ఆరేసి ఇస్త్రీ చేసుకోండి, లేకపోతే కుట్టాక కుంచించుకుపోయి దిండుకి ఎక్కదు. గుడ్డని వెనక నుంచి లాగకండి, సూది కింద ఉండే మిషన్ పళ్ళే లాక్కుంటాయి, మీరు దారి చూపిస్తే చాలు. లాగితే సూది వంగి విరుగుతుంది. నాకు ఇప్పటికి నాలుగు విరిగాయి.

ఇంత ప్రశాంతత గురించి చెబుతున్నానా, ఒక సంగతి దాచాను. మొన్నొకరోజు కుడుతుంటే చిన్నది వచ్చి లెక్కల్లో ఏదో అడిగింది. ఒక్క నిమిషం అన్నాను. ఆ నిమిషం నలభై నిమిషాలయింది, తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. నేను నెమ్మదిగా ఉన్నానంటే కుట్టడం వల్లనా, లేక వాళ్ళకి వీపు పెట్టి కూర్చోవడం వల్లనా? మా ఆయన్ని అడిగితే "మాకు మాత్రం ఎలాగైనా బాగానే ఉంది" అన్నాడు. ఆ జవాబు ఇంకా అరగలేదు.

చిన్నది ఆ మాట అన్న వారానికే నాలో టీచరమ్మ నిద్ర లేచింది. ఇంత మంచి అవకాశం వదులుతానా? దీని తెలుగుకి దారి మిషన్ దగ్గరుందన్నమాట! గోడకి తెల్ల బోర్డు తగిలించి రాశాను: సూది, బెజ్జం, దారం, పోగు, ముడి, గలీబు, అంచు, మడత. శనివారం పొద్దున కూర్చోబెట్టి, పేరు తెలుగులో చెబితేనే వస్తువు చేతికిస్తానన్నాను. మొదటి శనివారం నవ్వింది. రెండో శనివారం "బెజ్జం" అన్న మాట మూడోసారి పలికించాక కత్తెర బల్ల మీద పెట్టేసి, "నువ్వు దీన్ని కూడా క్లాస్ చేసేశావు" అని వెళ్ళిపోయింది. బోర్డు తీసేశాను. మేకు మాత్రం గోడకి ఇంకా ఉంది.

పెద్దాడిది ఇంకో కథ. పదమూడేళ్ళు. చొక్కా గుండీ ఊడితే కుట్టుకోరా అంటే, అది నా పని కాదన్నట్టు చూశాడు. ఇంకేం, ఉపన్యాసం మొదలు. 1924లో గాంధీగారిని "యంత్రాలన్నీ వద్దంటారా" అని అడిగితే కుట్టు మిషన్‌ని మాత్రం మినహాయించారని, చేత్తో కుట్టి కుట్టి అలిసిపోతున్న భార్యని చూడలేక సింగర్ ప్రేమతో దాన్ని తయారుచేశాడని ఆయన చెప్పారని, ఒక మగవాడి ప్రేమలోంచి పుట్టిన వస్తువురా ఇది అని గొంతు బొంగురు తెచ్చుకుని మరీ చెప్పాను. వాడు అన్నం తింటూనే ఫోన్లో చూశాడు. "అమ్మా, సింగర్ కంటే ముందే 1846లో ఇలియాస్ హోవ్‌కి పేటెంట్ ఉంది. పైగా సింగర్‌కి ఇరవై మందికి పైగా పిల్లలు, ఒక్కావిడతో కాదు. ప్రేమ ఎక్కువే మరి." గుండీ వాడే కుట్టుకున్నాడు, అల్లంత ఎత్తున, చొక్కా మెడ పక్కకి పోయేలా. అలాగే వేసుకుని తిరుగుతున్నాడు.

ఇక చీర. అమ్మ కట్టి కట్టి మెత్తబడిన మంగళగిరి కాటన్, మిరపపండు రంగు, నిజాం బోర్డర్. పోయినసారి వచ్చేటప్పుడు బలవంతాన పెట్టెలో పెట్టించుకున్నాను. దానితో గలీబులు కుడతానంటే అమ్మ "కొయ్యవే, దాచుకుని ఏం చేస్తావు, పురుగులకి పెడతావా" అంది. అయినా చెయ్యి రాలేదు. ఐదు రోజులు బల్ల మీద మడత విప్పడం, మళ్ళీ పెట్టడం. మెత్తటి గుడ్డ కత్తెర కింద జారిపోతుంది, గంజి పెడితే నిలబడుతుంది. రైస్ కుక్కర్ ఇంట్లో గంజి ఎక్కడిది? డబ్బాలో అమ్మే స్ప్రే గంజి కొనుక్కొచ్చి కొట్టాను. వాసన ఏదో పూలది. అన్నం వాసన వస్తుందనుకున్నాను నేను.

కొలతలు వేస్తుంటే చిన్నది తనంతట తనే వచ్చింది. పిలవలేదు, తెలుగు అడగలేదు. 18 అంగుళాల దిండుకి ముందు ముక్క 19, వెనక ఒకదాని మీదికి ఒకటి వచ్చే రెండు ముక్కలు 13 చొప్పున, వాటి మధ్య సందే దిండు దూర్చే నోరు. చీర పొడుగులో 19 అంగుళాలు కోస్తే, అడ్డంగా పన్నా 45 అంగుళాల్లో మూడు ముక్కలూ సరిగ్గా వచ్చేశాయి. "నైన్టీన్ ప్లస్ థర్టీన్ ప్లస్ థర్టీన్" అని అది కూడి, నలభై అయిదు రాగానే నా మొహంలోకి చూసింది. ఐదున్నర మీటర్ల చీరకి లెక్క ప్రకారం 11 గలీబులు వస్తాయట. మా ఇంట్లో దిండ్లు ఆరు.

ఇందులో ఇంకో సుఖముంది. చీర అంచు పోగులు లేవదు కాబట్టి దాన్ని గలీబు నోటి దగ్గర పెడితే అక్కడ మడిచి కుట్టక్కర్లేదు, జరీ కూడా కనిపిస్తుంది. ఇదంతా చెప్పి, ఒకటి తననే కుట్టమన్నాను. పెడల్ మీదికి వంగి, నాలుక బయటపెట్టి, గంటంబావు కుట్టింది. తీరా చూస్తే ఒక ముక్క తిరగబడింది. జరీ అంచు పక్క కుట్టులోకి పోయింది, పోగులు లేచే వైపు నోటి దగ్గరికి వచ్చింది. కుట్టేమో కాలవగట్టులా వంకర. "ఎంత బావుందో" అన్నాను, ఇంగ్లీషులో.

ఆ రాత్రి నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అందరూ పడుకున్నాక మిషన్ దగ్గర కూర్చుని దాని కుట్టంతా విప్పాను. ఉతికితే పోగులు లేచి పోతుంది కదా, అమ్మ చీర కదా, అని నాకు నేను చెప్పుకున్నాను. ముక్క తిప్పి, గీత గీసినట్టు కుట్టి, కొసల దగ్గర వెనక్కి ముందుకి రెండేసి కుట్లు వేసి, ఇస్త్రీ చేసి దిండుకి తొడిగి దాని మంచం మీద పెట్టాను. ఆ గంటా చాలా ప్రశాంతంగా ఉంది. రామ్మా, నెమ్మదిగా, మా తల్లే.

పొద్దున దిండు తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది నా కుట్టు కాదు," అంది. ఏడవలేదు, అరవలేదు. ఏడిస్తే సముదాయించేదాన్ని. నేను తెలుగులో మొదలుపెట్టి, మధ్యలో ఇంగ్లీషులోకి దూకి, పోగులు, ఉతుకు, అమ్మమ్మ చీర అని ఏదేదో చెప్పాను. "నాకొద్దు. నువ్వే పెట్టుకో."

శనివారం కదా, అమ్మ ఫోన్ చేసే వేళ. తెనాలిలో రాత్రి. కెమెరాలో గలీబు చూపించి గొప్పలు పోదామనుకున్నదాన్ని, సంగతంతా చెప్పుకోవాల్సి వచ్చింది. అమ్మ విని, "నువ్వు వేలు పెట్టకు. దాన్ని విప్పుకోనీ," అంది. చిన్నది సీమ్ రిప్పర్ తీసుకుని నా కుట్టు విప్పడం మొదలుపెట్టింది, ఒక్కొక్క పోగూ, ఏమాత్రం జాలి లేకుండా. విప్పుతూ విప్పుతూ ఫోన్ వైపు ఎత్తి చూపించి, "అమ్మమ్మా, వాట్ ఈజ్ దిస్ ఇన్ తెలుగు?" అంది. నేను మాట వెతుక్కుంటున్నాను. అమ్మ వెంటనే "బ్లేడు" అంది. "సగానికి విరిచిన గెడ్డం బ్లేడు. మీ తాతయ్యది." చిన్నది కళ్ళు పెద్దవి చేసుకుని నన్ను చూసింది, ఆ ఇంట్లో నేను ప్రాణాలతో ఎలా పెరిగానా అన్నట్టు.

తర్వాత మిషన్ ఎక్కింది. ముక్క మళ్ళీ తనకి నచ్చినట్టు తిరగేసే పెట్టింది. జరీ లోపలికి, పోగులు బయటికి. నా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నోరు కూడా. సగం దూరం బాగానే వెళ్ళింది, తర్వాత దారం చిక్కుపడి ఆగింది. ఫుట్ పైకెత్తింది, దారం లాగి మళ్ళీ ఎక్కించింది. ఈసారి తెగింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు," అంది, అచ్చం తెలుగులో, పళ్ళ మధ్య నుంచి. తర్వాత గొంతు దించి, "నెమ్మదిగా రామ్మా."

ఫోన్లో అమ్మకి సరిగ్గా వినపడలేదు. "ఎవర్నే అది అంటోంది?" అనడిగింది.

"దారాన్ని," అన్నాను.